రెండు పేజీలకు మించకుండా

హెడ్ మేడం రెండు తెల్లకాగితాలిచ్చింది.
"మొగిలీ, పాత రిజిస్టర్లన్నీ నీ దగ్గర్నే గదా,
బడి చరిత్ర రాసియ్యి.
రెండు పేజీలకు మించకుండా."

నేను ఈ బళ్లెనే పది తప్పినోణ్ని,
లెక్కలల్ల ఆరు మార్కులు తక్కువ.
అది గూడ రిజిస్టర్ల ఉన్నది, ఎర్రసిరాతోని.

ఇనుప బీరువ తెరిస్తే
ముందు దగ్గొస్తది, ఎనక చరిత్ర.

మొదటి రిజిస్టరు కుడి నుంచి మొదలైతది.
చదివి చెప్పింది స్టేషన్ రోడ్డు టైలర్ చాంద్‌పాషా,
మెడల టేపు తియ్యకుండనే.
తండ్రి పేరు, కులం, పేషా.
ఇంట్ల అమ్మతోని తెలుగు,
బళ్లె భూగోళం ఉర్దూల.
గోదావరిని గూడ
కుడి నుంచి ఎడమకే రాసిండ్రు.
అది మాత్రం తూర్పుకే పారింది.

గంట లేకుండె అప్పుడు.
మిల్లు సైరన్ కూస్తే
నాయినలు షిఫ్టుకు, పిల్లలు మొదటి పీరియడ్‌కు.
ఒక్కటే కూత, రెండు గేట్లు.

ఒక ఏడు టైంటేబుల్ల
ఫార్సీ గడి మీద అడ్డగీత పడ్డది.
సబ్జెక్టు పోయింది, సారు మిగిలిండు.
జీతాల పుస్తకంల
వజీహుద్దీన్ అన్న పేరు పక్కపొంటి
హోదా గడి మూడు నెలలు ఖాళీ.
నాలుగో నెలల: డ్రాయింగు.

మా నాయిన ఆయన దగ్గర చదివినోడే.
ఆ మూడు నెలలు
ఆరో తరగతి ఆఖరి బల్ల మీద
పిల్లల నడుమ ఇరుక్కొని కూసోని
నలభై రెండేండ్ల వయసుల
అ ఆలు దిద్దిండట సారు.
డ్రాయింగు సారైనంక
నల్లబల్ల మీద 'ఋ'ను బొమ్మ లెక్క గీసి
"దీని నీడ ఎటు పడ్తది?" అని అడిగేదట.
నాయిన చేతిరాత ముత్యాలనేటోళ్లు అందరు.
సున్న ఒక్కటే
నుక్తా లెక్క చిన్నగుండేది.

పదకొండో గదిల మగ్గాలుండె.
చేతిపని, వారానికి నాలుగు పీరియడ్లు,
పరీక్ష ఉంటది, మార్కులు కలువయి.
ఆ గంట మాత్రం కొత్తవాడ పిల్లలు
సారుకే నేర్పేటోళ్లు.
వాళ్లు నేసిన జంపఖానానే
ఇప్పటికీ మీటింగులకు పరుస్తం.
ఒక మూలకు నీలం పోగు తప్పింది.
అరవై ఏండ్ల సంది దులుపుతున్నం.

ఆడపిల్లలకు పెద్దలెక్కల బదులు గృహవిజ్ఞానం.
ఫైల్ల ఒక దరఖాస్తు దొరికింది:
"నాకు కూర వండుట వచ్చును.
బీజగణితము రాదు.
కావున రానిది నేర్పగలరు.
ఇట్లు, బిట్ల సకుబాయి, తొమ్మిది బి."
కింద పెద్దసారు రాత: చూద్దాం.
చూసిండ్రో లేదో, రికార్డు లేదు.

అరవైతొమ్మిది హాజరుపట్టీ
నెలలకు నెలలు తెల్లగున్నది.
ఆ ఏడు పాఠ్యాంశం ఏందని రాయాలె?
'రోడ్డు' అని రాసిన.
కొట్టేసిన.
మళ్ల రాసిన.

మిల్లు మూతవడ్డ తెల్లారి
బడి ఆలస్యమైంది.
ఎవరికీ టైం తెల్వలే.
కాజీపేట నుంచి సైకిల్ మీద
రైలుపట్టా ముక్క తెచ్చి
వేపకొమ్మకు కట్టింది నేనే.
చరిత్రల నా వంతు గంతే.

ఇప్పటి పుస్తకాలు రెండు నోళ్లవి:
ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు.
వరండల ఏడో తరగతి పిల్ల
ముందు కుడిదిక్కు చదువుకొని
వేలు ఆడ్నే ఆనించి
మెల్లెగ ఎడమకు జరుగుతది.
చాంద్‌పాషాను పిలిచి చూపెట్టాలె ఒకసారి.

మేడం, రెండో పేజీ అంచుకొచ్చిన.
ఫలితాల శాతాలు, దాతల పేర్లు
పట్టలే, మన్నించుండ్రి.
ఇంకొకటి చెప్పాలె.
సారు హోదా గడి మూడు నెలలు
ఖాళీ అన్న గదా,
నిన్న పొద్దుమీకి అండ్ల
పెన్సిల్‌తోని 'విద్యార్థి' అని రాసిన.
ఆడిటోళ్లు వస్తే
రబ్బరు నా జేబులనే ఉన్నది.